అమూల్య చెప్పినది కథ కాదని మనవి

నాచారం,
డిసెంబరు మొదటి వారం.

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా.

అయ్యా,

విషయం: నాచారంలోని వాగ్ధార ఉన్నత పాఠశాలలో మెట్ల రెయిలింగు ఊడి విద్యార్థి గాయపడిన సంఘటనలో, కళ్ళారా చూసినది చెప్పిన పదో తరగతి విద్యార్థిని కుమారి అమూల్యను "కథలు కల్పించు స్వభావము" అను కారణముపై పాఠశాల నుండి తొలగించుట – తరగతిలో చదివించిన నవలను అందుకు రుజువుగా వాడుట – తగు విచారణ కోరుట – గురించి.

నేను, గజ్జెల తిరుపతి, ఉప్పల్ చిలకానగర్ వాస్తవ్యుడను. పై పాఠశాలలో పద్నాలుగేళ్ళు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి, గత నెలలో తొలగింపబడినవాడను. ఈ క్రింది అంశములను తమ దృష్టికి వరుసగా తెచ్చుచున్నాను. వరుస తప్పిన చోట మన్నించగలరు. పిల్లలకు ఏటేటా అర్జీ రాయడం నేర్పాను గాని, నా కోసం రాయడం ఇదే మొదలు.

1. జూన్‌లో బడి తెరిచాక ప్రిన్సిపాల్ శ్రీమతి శ్యామలాదేవి గారు నన్ను తమ గదికి పిలిపించి ఒక పాత నవల చేతిలో పెట్టారు. "మా అమ్మ చదువుకున్న పుస్తకమండీ ఇది. నేను ఇంటర్లో ఉండగా చదివాను. చాలా రోజులు అన్నం సయించలేదు. మన టెన్త్ పిల్లల చేత చదివిద్దాం తిరుపతి గారూ. వాళ్ళకి మార్కులు తప్ప మనం ఇంకేమీ ఇవ్వడం లేదు" అన్నారు. శనివారం ఆఖరి పీరియడు అందుకు కేటాయిస్తూ టైంటేబులులో వారే స్వహస్తాలతో మార్పు చేశారు. నవల పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పుస్తకం చేసిన తప్పేమీ లేదు కనుక దాన్ని ఇందులోకి లాగదలచుకోలేదు. విచారణకు అవసరమైతే పేరు చెప్పగలను.

కథ మాత్రం తమకు తెలియాలి. ఒక చిన్న పట్టణంలో ఆసుపత్రి. డాక్టరు పొరపాటు వల్ల ఒక బాలింత చనిపోతుంది. నేరం ఆయా మీద మోపుతారు. జరిగింది నర్సు చూసింది. ఆమెకు ఇద్దరు పిల్లలు, భర్త లేడు. ఆమె నోరు విప్పదు. ఆయా ఉద్యోగం పోతుంది. నర్సు రిటైరయ్యేదాకా అదే ఆసుపత్రిలో పనిచేస్తుంది.

2. మా పిల్లలకు అప్పటిదాకా వ్యాసమంటే గైడులోంచి దించడమే. ఈ నవల మొదలైన తర్వాత వారిలో కలిగిన మార్పును ఉపాధ్యాయుడిగా నేను ధ్రువీకరించుచున్నాను. శనివారం సాయంత్రం బెల్లు కొట్టినా కదిలేవారు కాదు. ఒకడు డాక్టరు భార్య ఆ రాత్రి భర్తను ఏమడిగిందో ఊహించి రాశాడు. ఒక అమ్మాయి ఆ తల్లి కన్న బిడ్డ పెద్దయ్యాక ఆసుపత్రికి వచ్చినట్టు రాసింది. ఎవరి రాత వారిది. నేను దిద్దింది అక్షరదోషాలు మాత్రమే.

ఒకరోజు నర్సు నోరు విప్పాల్నా వద్దా అని చర్చ పెట్టాను. అభినవ్ అని మా తరగతిలో బాగా మాట్లాడగల పిల్లవాడు లేచి, "చెప్పాలె సార్. చెప్పకుంటే ఆమె గూడ డాక్టరు లెక్కనే" అన్నాడు. దాదాపు అందరూ చేతులెత్తారు. అమూల్య ఎత్తలేదు. ఎందుకని అడిగాను.

"ఆమె చెప్తే ఏమైతది సార్? ఆయాకు నౌకరి తిరిగి రాదు, ఈమెది పోతది. వీళ్ళందరు చేతులు లేపిన్రు గని, రేపు ఆమె ఇంటికి బియ్యం ఎవరు పంపుతరు?"

ఆ పిల్ల తల్లి గౌతమి గారు నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్యాకింగ్ కంపెనీలో పనిచేసేవారు. అక్కడ ఆడవాళ్ళను ఇబ్బంది పెడుతున్న సూపర్‌వైజరు గురించి పైవాళ్ళకు చెప్పి పని పోగొట్టుకున్నారు. వెంట వస్తామన్న ఆడవాళ్ళెవరూ ఆ రోజు రాలేదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అమూల్య తన వ్యాసంలో నర్సు మౌనంగా ఉండటమే సరి అని రాసింది. తరగతి మొత్తంలో అట్లా రాసింది ఆ పిల్ల ఒక్కతే. ఈ విషయం తమరు దయచేసి గుర్తుంచుకోగలరు.

ఆ వ్యాసాలు చదివించిన శనివారం శ్యామలాదేవి గారు వచ్చి ఆఖరి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. అమూల్య చదవడం అయ్యాక లేచి నిలబడి ఇట్లా అన్నారు:

"నువ్వు రాసింది నిజమే అమ్మాయ్. చెప్పినవాళ్ళ పక్కన ఎవరూ నిలబడరు. కానీ ఈ బడిలో అలా జరగదు. ఇక్కడ నిజం చెప్పిన పిల్లకి ఏమీ కాదు. నేనున్నాను."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

3. దసరా సెలవుల తర్వాత జరిగిన ప్రమాద వివరములు. రెండో అంతస్తు మెట్ల రెయిలింగు వేసవి నుండీ ఊగుచుండెను. అటెండరు చెప్పాడు, నేను చెప్పాను. కరస్పాండెంటు శ్రీ విశ్వనాథం గారు, అనగా పాఠశాల యజమాని, దసరా సెలవుల్లో వెల్డింగు చేయిస్తామన్నారు. చేయించలేదు. ఒక మధ్యాహ్నం పదో తరగతి వారు దిగుతుండగా చిన్న తరగతి పిల్లలు ఎదురు వచ్చారు. హృషికేశ్ అను విద్యార్థి వారికి దారి ఇస్తూ పక్కకు జరిగి రెయిలింగు మీద చెయ్యి ఆనించాడు. రెయిలింగు ఊడింది. అబ్బాయి కింది అంతస్తు మెట్ల మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది. అమూల్య అతని వెనుక మెట్టు మీదే ఉంది. అభినవ్, మరికొందరు కూడా చూశారు. నేను స్టాఫ్ రూం నుండి పరుగెత్తుకొచ్చేసరికి అమూల్య తన చున్నీతో అతని తలకు కట్టు కడుతున్నది. ఆ ఊడిన రెయిలింగు ముక్క ఇంకా ఒక స్క్రూకు వేలాడుతూ ఉంది.

ఉప్పల్‌లోని దవాఖానాలో ఆపరేషన్ జరిగింది. అబ్బాయి కోలుకుంటున్నాడు. పడిన క్షణం మాత్రం అతనికి గుర్తు లేదు.

4. మరునాటికే రెయిలింగు కొత్తది వచ్చింది, రంగుతో సహా. అబ్బాయి రెయిలింగు మీద జారి ఆడుకుంటూ పడ్డాడని యాజమాన్యం తెలిపింది. వైద్యం ఖర్చు మొత్తం భరిస్తామని చెప్పి, అబ్బాయి జారే పడ్డాడన్న కాగితం మీద హృషికేశ్ తండ్రి చేత సంతకం తీసుకున్నారు. వారిని నేను తప్పు పట్టడం లేదు. కొడుకు ఆపరేషన్ గదిలో ఉండగా ఏ తండ్రి కాగితం చదివి సంతకం పెడతాడు.

తర్వాత చూసిన పిల్లలను ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిచారు. క్లాస్ టీచరుగా నేను ఉన్నాను. విశ్వనాథం గారు కుర్చీలో, శ్యామలాదేవి గారు పక్కన. పిల్లలందరూ జారాడనే చెప్పారు. అభినవ్ కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన బూట్ల వైపే చూశాడు. ఆ పిల్లలను బయట వరండాలో ముందుగా ఎవరు కలిసి ఏం చెప్పారో నేను విన్నాను గాని, అది వారి నోటనే తమరు వినడం సబబు.

అమూల్య చివర వచ్చింది. విశ్వనాథం గారే అడిగారు. ఆనాటి సంభాషణ నాకు గుర్తున్నంత మేరకు:

"పోరడు రెయిలింగ్ మీద జారుతుండె. గంతేనా బిడ్డా?"

"కాదు సార్. చెయ్యి పెట్టిండు. అది ఊడొచ్చింది."

"నువ్వు సరిగ్గ సూసినవా?"

"ఎనకనే ఉన్న సార్."

"మరి అందరు జారిండనే చెప్తున్నరు గద."

"వాళ్ళు ఏమన్న చెప్పనియ్యుండ్రి సార్. నేను చూసింది గిదే."

"మీ అమ్మకు ఫోన్ చెయ్యమంటవా?"

"చెయ్యుండ్రి సార్. అమ్మకు గూడ గిదే చెప్పిన."

అప్పుడు ఆ పిల్ల శ్యామలాదేవి గారి వైపు తిరిగి చూసింది. అయ్యా, ఆ చూపు గురించి ఏం రాయాలో తోచక ఈ అంశం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బతిమాలినట్టు లేదు. బస్సెక్కబోతూ టికెట్టు ఉందిగా అని జేబు తడుముకున్నట్టు, ఇచ్చిన మాట ఉంది గదా అన్న ధీమాతో చూసింది. మేడం గారు కిటికీ వైపు ముఖం తిప్పుకున్నారు.

5. రెండు మూడు రోజులకు నా బీరువాలోని పిల్లల వ్యాసాలు ఆఫీసుకు చేరాయి. శ్యామలాదేవి గారు స్టాఫ్ రూంకు వచ్చారు. అప్పుడు మేమిద్దరమే ఉన్నాం.

"తిరుపతి గారూ, ఒక చిన్న కాగితం మీద సంతకం కావాలి. ఈ పిల్లలు నవల చదివి రకరకాలుగా ఊహించి రాస్తున్నారనీ, అమూల్యకి ఊహాశక్తి బాగా ఎక్కువనీ రాయండి. అది అబద్ధం కాదుగా?"

"అబద్ధం కాదు మేడం. నేనే మంచి మార్కులేసిన. గా మార్కులనే తెచ్చి పిల్ల మెడకు కట్టమంటున్నరా?"

"నన్ను ఇబ్బంది పెట్టకండి. మా అమ్మ మంచంలో ఉందని మీకు తెలుసు. ఈ వయసులో నన్ను ఇంకో స్కూల్లో ఎవరు తీసుకుంటారు?"

"తెలుసు మేడం. గని పిల్లలందరి ముంగట మీరు మాటిచ్చిన్రు."

"అది క్లాసండీ. ఇది స్కూలు."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అలసటగా అన్నారు. సంతకం పెట్టనని చెప్పాను.

6. నేను పెట్టకపోయినా పని ఆగలేదు. "నవలా పఠన ప్రభావముచే వాస్తవమునకు, కల్పనకు భేదము గుర్తించలేని స్థితి" అని నివేదిక తయారైంది. అమూల్యకు టి.సి. ఇచ్చేశారు. ప్రవర్తన అన్నచోట "కథలు కల్పించు స్వభావము" అని రాశారు. కింద ప్రిన్సిపాల్ సంతకం. ఆ టి.సి. చూసి రామంతాపూర్‌లో ఒక బడి వారు, హబ్సిగూడలో ఒక బడి వారు సంవత్సరం మధ్యలో చేర్చుకోలేమన్నారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. పేర్లు పంపే గడువు ముగియవస్తున్నది.

ఇందులో ఒక వాస్తవాన్ని తమ పరిశీలనకు ప్రత్యేకంగా మనవి చేయుచున్నాను. నవల చదివినందుకే ఆ పిల్ల ఇలా చెప్పిందని వారి వాదన. కాని నవల గురించి ఆమె రాసింది, నోరు మూసుకొమ్మని. పుస్తక ప్రభావమే నిజమైతే ఆమె రాసినదాని ప్రకారం ఆఫీసు గదిలో మౌనంగా ఉండాలి. నర్సు చెప్పి తీరాలని రాసిన పిల్లలేమో చూసింది దాచారు. వ్యాసాలు ఇప్పటికీ ఆఫీసులోనే ఉన్నాయి. తెప్పించుకుని చదవండి. యాజమాన్యం వారు అవి చదవకుండానే రుజువుగా జతపరిచారని నా నమ్మకం.

7. టి.సి. ఇచ్చిన సాయంత్రం నేను వారి ఇంటికి వెళ్ళాను. గౌతమి గారు ఇప్పుడు మల్లాపూర్‌లో ఒక టైలరింగ్ షాపులో పనిచేస్తున్నారు. అప్పుడే ఇంటికి వచ్చి ఉన్నారు. కూర్చోమని అన్నారు గాని నా ముఖం చూడలేదు.

"సార్, తప్పనుకోకుండ్రి. మీరు గా పుస్తకం చదివియ్యకపోతే నా బిడ్డ గమ్మున ఉంటుండె. నేను నోరు తెరిచి ఏమైపోయిన్నో అది చూసింది. అయినా గట్లనే చేసింది. మీరు సార్లు, మీకు ఏమన్న దొరుకుతది. దీనికి ఈ యాడాది పోతే నేనేం చెయ్యాలె?"

లోపలి నుండి అమూల్య వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"అమ్మా, సార్‌ను ఏమనకు. పుస్తకంల నర్సు గమ్మున ఉండాల్నే అని నేను రాసిన. గది కథ. మెట్ల మీద మాత్రం నేనే ఉన్న."

గౌతమి గారు కొంగుతో ముఖం తుడుచుకుని చాయ్ పెట్టడానికి లేచారు. అమూల్య నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "మేడం మంచిగనే ఉన్నరా సార్?" అని అడిగింది. ఉన్నారని చెప్పాను. "నామీద కోపంగున్నరా?" అంది. లేదన్నాను.

అయ్యా, పద్నాలుగేళ్ళు పాఠం చెప్పినవాడిని. పెద్దవాళ్ళు ఇచ్చిన మాట నమ్మమని పిల్లలకు చెప్పినవాడిని.

8. తదుపరి నన్ను తొలగించిరి. కారణము: "పాఠ్యప్రణాళికలో లేని గ్రంథమును ప్రిన్సిపాల్ అనుమతి లేకుండా బోధించి విద్యార్థుల నైతిక ప్రవర్తనకు భంగము కలిగించుట." ఆ ఉత్తర్వు మీద కూడా శ్యామలాదేవి గారి సంతకమే. అనుమతి లేకుండా అట. ఆ పుస్తకం మొదటి పేజీలో వారి తల్లిగారి పేరుంది. టైంటేబులులో వారి చేతిరాత ఉంది.

తల్లిదండ్రుల సమావేశంలో కూడా వారు, ఈ నవల సంగతి తమకు తెలియదని చెప్పారు. నేను గేటు బయట నిలబడి మైకులో విన్నాను. ఈ సంవత్సరం మొత్తంలో నాకు దెబ్బ తగిలింది అక్కడ. విశ్వనాథం గారి మీద నాకు కోపం లేదు. వారు నాకు ఎప్పుడూ ఏ మాటా ఇవ్వలేదు. ఏ కొత్త పుస్తకం దొరికినా ముందు నాకిచ్చి, "చదివి చెప్పండి, మనం మాట్లాడుకుందాం" అన్న మనిషి ఈమె. మా పెద్దమ్మాయికి డెంగీ వచ్చినప్పుడు రాత్రంతా మాతోపాటు ఆసుపత్రిలో కూర్చున్న మనిషి. అటువంటి మనిషి నన్ను ఎరగనట్టే మాట్లాడారు.

నా ఉద్యోగం గురించి ఈ అర్జీలో ఏమీ అడగకూడదని అనుకున్నాను. ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు వారు రమ్మంటున్నారు. అక్కడ తెలుగు చెప్పరు, నన్ను హాజరు చూసుకొమ్మన్నారు. కనుక అడుగుచున్నాను.

9. కావున తమరిని కోరునది: అమూల్య టి.సి.లోని ఆ వాక్యము కొట్టివేయించి, అదే బడిలోనో మరో బడిలోనో ఆమె పేరు పరీక్షకు పంపించగలరు. ముందుగా ఇది జరగాలి. మిగతావి ఆలస్యమైనా ఫరవాలేదు. తదుపరి, ప్రమాదం చూసిన పిల్లలను పాఠశాల గోడల బయట, వారి తల్లిదండ్రుల సమక్షంలో విచారించగలరు. అబద్ధం చెప్పినందుకు ఏ పిల్లలనూ శిక్షించవద్దు. వారికి భయం నేర్పింది పెద్దలు. హృషికేశ్ తండ్రి సంతకం పెట్టిన కాగితం తప్పని తేలినా ఆ అబ్బాయి వైద్యం ఆగకుండా చూడగలరు. నన్ను ఎక్కడ వేసినా సరే, తెలుగు చెప్పే చోట వేయించగలరు.

పద్ధతి ప్రకారం రాయవలసినది ఎక్కడైనా పొల్లుపోయి ఉంటే దాన్ని విడిచి, అందులోని నిజాన్ని చిత్తగించి, ఆ పిల్లకు మార్చి నెలలో పరీక్ష హాలులో ఒక చోటు ఇప్పించవలెనని వేడుకొను

తమ విధేయుడు,
గజ్జెల తిరుపతి,
గత నెల వరకు తెలుగు ఉపాధ్యాయుడు.

తా.క.: ఈ అర్జీకి జిరాక్సు తీయించుకుంటూ ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర షాపులో ఉండగా శ్యామలాదేవి గారు ఫోన్ చేశారు. నన్ను తొలగించిన తర్వాత ఇదే మొదటి ఫోన్. బస్సుల హోరులో సరిగ్గా వినబడక పక్క సందులోకి వెళ్ళి మాట్లాడాను.

"డీఈఓ గారికి అర్జీ పెడుతున్నారట."

"అవును మేడం."

"నా పేరు రాశారా?"

"రాసిన."

"అన్నీ రాశారా? ఆ రోజు క్లాసులో నేనన్నది కూడా?"

"అది గూడ రాసిన మేడం."

వెనక వారి తల్లిగారు దగ్గుతున్న చప్పుడు వినబడింది.

"మీరొచ్చి ఒక్క మాట చెప్తే ఈ అర్జీతో పనే లేదు మేడం" అన్నాను.

"నేను రాలేనండీ."

"కానీ మీరు పెట్టండి. ఆలస్యం చేయకండి, రేపే పెట్టండి" అని ఫోను పెట్టేశారు.

అయ్యా, ఈ ముక్క అర్జీలో రాయవచ్చునో లేదో నాకు తెలియదు. తమరు వారిని పిలిపించండి. విశ్వనాథం గారు లేనప్పుడు, గదిలో ఇంకెవ్వరూ లేనప్పుడు, కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి. గద్దించవద్దు. ఆమె నన్ను మోసం చేశారు, ఆ పిల్లను అంతకంటే ఎక్కువ మోసం చేశారు. అయినా ఎవరైనా ఒకసారి సరిగ్గా అడిగితే నిజం చెబుతారని నాకనిపిస్తోంది. ఇప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు.